రైళ్లు టైముకు నడిచాయన్న మాట

“ఎవరేమన్నా అనండి, ముస్సోలిని కాలంలో రైళ్లు టైముకు నడిచాయి. మీ దేశానికి మళ్లీ అలాంటివాడు ఒకడు రావాలి.”

మిలాన్‌లో మేమున్న పాత బిల్డింగు మెట్ల మీద, ఎనభై ఏళ్లు దాటిన ఒక ఇటాలియన్ ఆవిడతో నేను అన్న మాట ఇది. నోరు జారి అన్నది కాదు, నమ్మి అన్నాను. పైగా పరాయి దేశంవాణ్ణి అయినా వాళ్ల చరిత్ర నాకు తెలుసని ఆవిడకు తెలియాలన్న ఉబలాటం కూడా ఉంది అందులో. నేను ఎవరి ముందు ఆ మాట అన్నానో, ఆ మాట వెనక ఎంతమంది చావులున్నాయో తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది. తెలిసినంత మేరకు రాస్తున్నాను. రాయకపోతే నాలాగే ఇంకొకరు అదే మాటను ఇంకో మెట్ల మీద అంటారు.

నిజానికి ఆ మాట నాకు ఇటలీలో దొరకలేదు. ఇంటి నుంచే పట్టుకెళ్లాను. మాది కాజీపేట. మా పెద్దబాపు రైల్వేలో గుమాస్తా. కరెంటు పోయినా, రేషన్ షాపు తెరవకపోయినా, మోరీ తీసేవాళ్లు రాకపోయినా ఆయన నోట ఒకటే మాట: “ఎమర్జెన్సీల రైళ్లు టైముకు నడిచినయ్ బిడ్డా. పది గొట్టంగనే అందరు కుర్చీల్ల కూసునేటోళ్లు.” నేను పుట్టేసరికి ఎమర్జెన్సీ పోయి చాలా ఏళ్లయింది. అయినా నా మనసులో ఎమర్జెన్సీ అంటే శుభ్రంగా ఊడ్చిన ప్లాట్‌ఫారమూ, టైముకొచ్చే రైలూ. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమగా చెప్పిన మాటను ఎవరూ తిరగేసి చూడరు. నేనూ చూడలేదు. ఇంజనీరింగ్ చదివాను, ఉద్యోగం వచ్చింది, మిలాన్ పంపించారు. ఆ మాట నాతోపాటే వచ్చింది.

మా ఇల్లు లొరేతో కూడలికి దగ్గర, పాదొవా వీధి వైపు. ఈజిప్టువాళ్లు, పెరూవాళ్లు, బంగ్లాదేశీలు, చైనావాళ్లు అందరూ కలిసి బతికే వీధి అది. మన కందిపప్పు, చింతపండు దొరికేవి. ఇబ్బంది అక్కడ కాదు. నా ఇబ్బంది శుక్రవారాలు. ఇటలీలో సమ్మెలు ఎక్కువగా శుక్రవారమే పెడతారు. ఒక వారం లోకల్ రైళ్లు, ఒక వారం మెట్రో, ఇంకో వారం బడిపంతుళ్లు. నివాస పర్మిట్టు కోసం నెలల తరబడి తిరగడం, ఒక్క కాగితం కోసం పొగాకు కొట్టుకెళ్లి స్టాంపు కొనుక్కురావడం, మధ్యాహ్నం కౌంటరు మూసేస్తే మళ్లీ పొద్దున రావడం. వీటన్నిటికీ నా దగ్గర ఒకటే తీర్పు ఉండేది: వీళ్లకు క్రమశిక్షణ లేదు, గట్టిగా అడిగేవాడు లేడు.

ఆ చలికాలం మా బిల్డింగు లిఫ్టు పాడైంది. బాగుచేయించాలంటే ఫ్లాట్ల యజమానులంతా మీటింగు పెట్టాలి. ఇటలీలో ఈ మీటింగు చిన్నపాటి పార్లమెంటు. బిల్డింగు మొత్తాన్ని వెయ్యి భాగాలుగా లెక్కగడతారు. ఎవరి ఫ్లాటుకు ఎన్ని భాగాలో దాన్నిబట్టి వాళ్ల ఓటు, దాన్నిబట్టే వాళ్లు కట్టాల్సిన ఖర్చు. ఒకరు అధ్యక్షత వహిస్తారు, ఒకరు ప్రతి మాటా పుస్తకంలోకి ఎక్కిస్తారు. అద్దెకున్నవాణ్ణి గనక లిఫ్టు విషయంలో నాకు ఓటు లేదు. అయినా వెనకాల నిలబడి చూశాను. మూడు గంటలు అరుచుకున్నారు. నా ఇటాలియన్ అంతంత మాత్రం. ఏదో వాటాల గొడవ అని మాత్రం అర్థమైంది. తేలకుండానే లేచారు. లిఫ్టు అలాగే ఉండిపోయింది.

ఆ వారం శుక్రవారం రైళ్ల సమ్మె. ఆఫీసు నుంచి పడుతూ లేస్తూ ఇంటికొచ్చేసరికి కింద మెట్ల దగ్గర ఐదో అంతస్తు సిన్యోరా, అంటే ‘అమ్మగారు’, నిలబడి ఉంది. రిటైరైన టీచరు. ఒంటరిగా ఉంటుంది. ఒక చేతిలో కూరగాయల సంచి, పక్కన నేల మీద ఆరు నీళ్ల సీసాల కట్ట. నేను రెండూ అందుకుని ముందు నడిచాను. మూడో అంతస్తు చేరేసరికి నా చేతులు లాగుతున్నాయి, ఆవిడకు ఆయాసం వస్తోంది. ఆ కోపంలోనే, ఆవిడ మీద జాలితోనే, ఆ మాట అన్నాను.

సిన్యోరా కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. కేకలు వేయలేదు. ఊపిరి తీసుకుని, “ఆ రైళ్లలో ఎవరిని ఎక్కించారో నీకు చెప్పారా?” అని అడిగింది. నేను నవ్వేశాను, నాకు అర్థం కాలేదు గనక. గుమ్మం దాకా సామాను చేర్చాక తాళం తీస్తూ, “ఆదివారం కాఫీకి రా” అంది. అది పిలుపులా లేదు, క్లాసుకు రమ్మన్నట్టుంది.

ఆదివారం వెళ్లాను. వంటింటి బల్ల మీద పూల ప్లాస్టిక్ గుడ్డ. పొయ్యి మీద చిన్న అల్యూమినియం మొకా కాఫీపాత్ర గుడగుడమంటోంది. పక్కన గులాబీరంగు అట్టఫైలు. దాని నాడా విప్పి నా ముందు ఒక కాగితం పెట్టింది. మాసిపోయిన గోధుమరంగు జీతం కవరు. పైన 1944 మార్చి అని ఉంది. కింద పెన్సిలుతో గంటలు, రేటు, కోతలు, చివర మొత్తం. పని గంటల గడిలో కొద్ది రోజులవే ఉన్నాయి. “మా నాన్నది. అరెస్టయిన రోజు వరకే లెక్కగట్టారు. మా అమ్మ వెళ్లి తెచ్చుకుంది” అంది.

సిన్యోరా వాళ్లది సెస్తో సాన్ జొవాన్ని. మిలాన్‌ను ఆనుకుని ఉత్తరాన ఉన్న కార్మికుల పట్టణం. ఉక్కు, ఇంజన్లు, రైలు పెట్టెలు అక్కడ తయారయ్యేవి. 1943 సెప్టెంబరులో ఇటలీ మిత్రరాజ్యాలతో సంధి చేసుకోగానే జర్మన్ సైన్యం ఉత్తర, మధ్య ఇటలీని ఆక్రమించింది. ముస్సోలిని హిట్లర్ అండతో ఉత్తరాదిన కొత్త ప్రభుత్వం పెట్టాడు. రొట్టె రేషన్ మీద, జీతాలు చాలవు, మీద బాంబులు. 1944 మార్చి మొదటి వారంలో మిలాన్, తురీన్ చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల్లో లక్షల మంది పని ఆపేశారు. నాజీల చేతిలో ఉన్న యూరప్‌లో సమ్మె అంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. తెలిసీ చేశారు. తర్వాత రాత్రుళ్లు తలుపులు తట్టారు. సిన్యోరా తండ్రి కోసం వచ్చినవాళ్లు జర్మన్లు కారు. చేతిలో పేర్ల జాబితాతో వచ్చిన ఇటాలియన్లే. అలా పట్టుకున్నవాళ్లలో చాలామందిని బెర్గామోలోని సైనిక బ్యారక్‌లో ఉంచి, మార్చి మధ్యలో రైలెక్కించి ఆస్ట్రియాలోని మౌట్‌హౌజెన్ శిబిరానికి పంపారు.

వాళ్లమ్మ బెర్గామో వెళ్లిందట, ఉన్ని మేజోళ్లు పట్టుకుని. లోపలికి పోనివ్వలేదు. వీధిలో నిలబడి పేరు పెట్టి అరిచింది. పై కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపారు. అది తన భర్త చెయ్యో కాదో చచ్చేదాకా తెలియలేదు. తండ్రి చనిపోయాడన్న కబురు యుద్ధం అయిపోయాక, ప్రాణాలతో తిరిగొచ్చిన ఒక కార్మికుడు ఇంటికొచ్చి చెబితే తెలిసింది. అప్పుడు సిన్యోరా మూడో తరగతి.

ఇదంతా ఆవిడ ఏడుస్తూ చెప్పలేదు. టీచరు గొంతుతో, తేదీలు వరసగా చెప్పింది. నా వైపు చూసి, “సమ్మె చేస్తే నీ రైలు ఆగుతుంది. నాకు తెలుసు. నాకూ కోపం వస్తుంది. కానీ 1926లో ముస్సోలిని సమ్మెను నేరం చేశాడు. మా నాన్న చేసిన నేరం అదే. ఇవాళ అది రాజ్యాంగంలో హక్కు” అంది. నేను నోరు మెదపలేదు. క్షమించమని అడగాలని కూడా తోచలేదు. కాఫీ తాగి కిందికి వచ్చేశాను.

తర్వాత కొన్నాళ్లకు, సిన్యోరా చెప్పిన ఇంకో చోటికి వెళ్లాను. మిలాన్ సెంట్రల్ స్టేషను. అంతకుముందు ఎన్నోసార్లు అక్కడ రైలెక్కాను, దిగాను. 1931లో ప్రారంభమైన ఆ స్టేషను ఎంత పెద్దదంటే ప్రయాణికుల ప్లాట్‌ఫారాలు వీధి కన్నా చాలా ఎత్తున ఉంటాయి. ఆ ప్లాట్‌ఫారాల కింద వీధి మట్టంలో ఇంకో స్టేషను ఉందని నాకు తెలియదు. అది టపా కోసం కట్టింది. తపాలా పెట్టెల్లో ఉత్తరాల మూటలు కిందే నింపి, పెట్టెను మొత్తంగా లిఫ్టుతో పై పట్టాల మీదికి ఎత్తి, రైలుకు తగిలించేవాళ్లు. ప్రయాణికుల కంటపడకుండా పని జరిగిపోయేది.

1943 చివర నుంచి ఆ ఏర్పాటునే మనుషులకు వాడారు. సాన్ విత్తోరె జైలు నుంచి తెల్లవారకముందే లారీల్లో యూదులను తెచ్చి, పశువులను తోలే పెట్టెల్లో కుక్కి, తలుపులు బిగించి, అదే లిఫ్టుతో పైకి ఎత్తారు. 1944 జనవరి 30న అక్కడి నుంచి కదిలిన రైల్లో 600 మందికి పైగా ఉన్నారు. వారం రోజులు ప్రయాణం చేసి ఆష్విట్జ్ చేరారు. వాళ్లలో తిరిగి వచ్చినవాళ్లు పాతిక మంది లేరు. అందులో ఒకరు లిలియానా సెగ్రె. అప్పుడామెకు 13 ఏళ్లు. 1938లో ముస్సోలిని ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాలతో ఎనిమిదేళ్లకే బడి నుంచి గెంటేశారు. తండ్రితో కలిసి స్విట్జర్లాండుకు పారిపోబోతే సరిహద్దులో వెనక్కి పంపారు, ఇటాలియన్లు అరెస్టు చేశారు. తండ్రి తిరిగి రాలేదు. ఆమెను 2018లో రాష్ట్రపతి జీవితకాల సెనేటరుగా నియమించారు.

ఆ చోటు ఇప్పుడు స్మారకం. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా పెద్ద కాంక్రీటు గోడ, దాని మీద మనిషి ఎత్తు అక్షరాలతో ‘ఉదాసీనత’ అన్న అర్థమిచ్చే ఒకే ఒక్క ఇటాలియన్ మాట. అది సెగ్రె కోరి రాయించింది. గోడ దాటితే పట్టాల మీద నాలుగు చెక్క పెట్టెలు. నేను ఒకదాంట్లోకి ఎక్కాను. కిటికీ అనడానికి పైన ఒక మూల సన్నటి సందు. లోపల నిలబడితే తల మీద ధడధడమని శబ్దం, నేల అదురుతుంది. పైన ప్లాట్‌ఫారం మీద రైళ్లు వస్తూ పోతూ ఉంటాయి. అంటే నేను రైలు లేటైందని చిరాకుపడుతూ నిలబడ్డ చోటికి సరిగ్గా కింద నిలబడ్డాను. పక్క గోడ మీద ఆ మొదటి రైళ్లలో పోయినవాళ్ల పేర్లు, 774. బతికొచ్చినవాళ్ల పేర్లు వేరే రంగులో వెలుగుతాయి. వెతకాల్సినంత కొద్దిమంది.

టైముకు నడిచాయన్న రైళ్ల సంగతి కూడా చదివాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ రైల్వే అరిగిపోయింది. ముస్సోలిని 1922 అక్టోబరులో అధికారంలోకి వచ్చేనాటికే బాగుచేసే పని మొదలైంది. బొలోన్యా, ఫ్లోరెన్స్ మధ్య అపెన్నైన్ కొండలను తొలిచి 1934లో తెరిచిన లైనును ఆయన ఘనతగా చాటారు. ఆ పని 1913లో మొదలైంది. మిలాన్ సెంట్రల్‌కు రాజు శంకుస్థాపన చేసింది 1906లో. విదేశీ యాత్రికులు ఎక్కే పెద్ద లైన్ల రైళ్లు బాగానే నడిచాయి. వాళ్లు తమ దేశాలకు పోయి అదే చెప్పారు. ఊళ్ల మధ్య తిరిగే మామూలు రైళ్ల కథ వేరు. దాన్ని బయటపెట్టే నోళ్లు మిగల్లేదు. ఎన్నికల్లో అక్రమాలు జరిగాయని పార్లమెంటులో నిలబడి చెప్పిన సోషలిస్టు నాయకుడు జాకొమొ మత్తెయొత్తిని 1924 జూన్‌లో ఎత్తుకుపోయి చంపారు. 1926 కల్లా ప్రతిపక్ష పార్టీలన్నీ రద్దు. కమ్యూనిస్టు నాయకుడు ఆంతోనియో గ్రాంషీ పార్లమెంటు సభ్యుడై ఉండగానే జైలుపాలయ్యాడు. ఏ వార్త వేయాలో, ఏది వేయకూడదో పత్రికలకు ప్రభుత్వం నుంచి ఆదేశాలు వెళ్లేవి. రైలు లేటైందని రాసే పత్రిక లేదు, ఎందుకు లేటైందని అడిగే సభ్యుడు లేడు. అలాంటి దేశంలో పుట్టిన మాటను సాక్ష్యంగా తీసుకుని నేను తీర్పు చెప్పాను.

రోమ్‌కు దక్షిణాన పొంతీనే చిత్తడి నేలలను ఎండగట్టించాడని కూడా చెబుతారు. అది నిజమే. దోమలు, మలేరియా తగ్గాయి, 1932లో కొత్త పట్టణమే కట్టారు. ఇప్పుడు దాని పేరు లతీనా. దాన్ని కాదనను. ఆ పొలాల్లో ఇవాళ కూరగాయలు కోస్తున్నది ఎక్కువగా మన పంజాబీలు. 2024 జూన్‌లో సత్నాం సింగ్ అనే కూలీ చెయ్యి యంత్రంలో తెగిపోతే, ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ఇంటి ముందు వదిలేసి పోయారు. అతను చనిపోయాడు. అప్పుడు లతీనాలో వేలమంది కూలీలు వీధుల్లోకి వచ్చారు, ఇటాలియన్ కార్మిక సంఘాలు వాళ్లతో నడిచాయి, సమ్మె చేశాయి. నేను విసుక్కున్న ఆ సమ్మెలే, పరాయి దేశంలో చచ్చిపోయిన మనవాడి కోసం చేశారు.

లొరేతో సంగతి చెప్పకుండా ఉండలేను. రోజూ ఆ కూడలి దాటే ఆఫీసుకు పోయేవాణ్ణి. నాకది మెట్రో మారే చోటు, అంతే. 1944 ఆగస్టు 10 తెల్లవారుజామున అక్కడ 15 మంది ఖైదీలను నిలబెట్టి కాల్చారు. ఆజ్ఞ జర్మన్లది, తుపాకులు ఇటాలియన్ ఫాసిస్టులవి. శవాలను ఆగస్టు ఎండలో రోజంతా కుప్పగా వదిలేశారు. భార్యలను, తల్లులను దగ్గరికి రానివ్వలేదు. పనికి పోయేవాళ్లు చూసి భయపడాలని. మరుసటి ఏడు ఏప్రిల్ 29న ముస్సోలిని శవాన్ని తెచ్చి తలకిందులుగా వేలాడదీసింది అదే కూడలిలో. ఈ రెండోది ప్రపంచమంతా ఫొటోలో చూసింది. మొదటిది తెలిసినవాళ్లు తక్కువ. ఆ 15 మంది కోసం ఆంద్రెయా దోరియా వీధి మొదట్లో ఒక స్మారక శిల ఉంది. నేను దాని పక్కన నిలబడి ఫోన్ చూసుకునేవాణ్ణి.

ఈ పొరపాటు భారతీయుల్లో నేను ఒక్కడినే చేశానని అనుకోవడం లేదు. 1926లో రవీంద్రనాథ్ ఠాగూర్ ముస్సోలిని అతిథిగా ఇటలీ వచ్చి, ఆ మర్యాదలకు సంతోషించి మంచి మాటలు అన్నాడు. ఆ మాటలను పత్రికలు పెంచి రాశాయి. తర్వాత స్విట్జర్లాండులో ఫ్రెంచి రచయిత రొమైన్ రోలాండ్ దగ్గరికి పోయాక, ఇటలీ నుంచి తప్పించుకొచ్చినవాళ్లను కలిసి అసలు సంగతి తెలుసుకున్నాడు. అదే ఏడు ఆగస్టులో ఇంగ్లండు పత్రిక మాంచెస్టర్ గార్డియన్‌లో తన అభిప్రాయం మార్చుకున్నట్టు బహిరంగంగా ప్రకటించాడు. అంత పెద్దాయన అలా దిద్దుకోవడం నాకు ధైర్యమిచ్చింది. నెహ్రూది ఇంకో దారి. 1936లో భార్య కమల పోయిన కొద్ది రోజులకే రోమ్ మీదుగా ఇంటికి వస్తుంటే ముస్సోలిని కలవాలని కబురు పెట్టాడు. ఒత్తిడి చేసినా నెహ్రూ వెళ్లలేదు. ఆ భేటీని తమ ప్రచారానికి వాడుకుంటారని ఆయనకు తెలుసు.

మనవాళ్లు ఇటలీలో ప్రాణాలూ ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యపు డివిజన్లు మూడు ఇటలీలో పోరాడాయి. 5 వేల మందికి పైగా ఇక్కడే చనిపోయారు. మద్రాస్ సాపర్స్ దళం వంతెనలు కట్టింది, మందుపాతరలు తీసింది. మద్రాసు ప్రెసిడెన్సీ అంటే అప్పటికి మన కోస్తా, రాయలసీమ కూడా. ఆ దళానికి చెందిన సుబేదార్ సుబ్రమణ్యన్ 1944 ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర, పేలబోతున్న మందుపాతర మీద పడి తోటివాళ్లను కాపాడాడు. చనిపోయాక ఆయనకు జార్జ్ క్రాస్ ఇచ్చారు. ముస్సోలినిని దించడానికి మద్రాసు పల్లెల నుంచి వచ్చి చచ్చిపోయినవాళ్ల దేశంవాణ్ణి నేను. మళ్లీ ముస్సోలిని రావాలని వాళ్లు విడిపించిన మనిషి ముందే అన్నాను.

సిన్యోరా మీద గౌరవం పెరిగినకొద్దీ నేను ఆ దేశాన్ని మళ్లీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టాను. 1946 నుంచి ఇటలీలో 60కి పైగా ప్రభుత్వాలు మారాయి. ఇదొక నవ్వులాటగా చెప్పుకుంటాం. కానీ ఆ రాజ్యాంగం రాసినవాళ్లు, అధికారమంతా ఒక్క మనిషి చేతిలో పడితే ఏమవుతుందో ఇరవై ఏళ్లు అనుభవించినవాళ్లు. జైలు నుంచి, ద్వీపాల్లోని నిర్బంధం నుంచి, దేశాంతరం నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఆ రాజ్యాంగ సభలో ఉన్నారు. దేశమంతటా ఆడవాళ్లు తొలిసారి ఓటేసిన 1946 జూన్ 2 ఎన్నికలో గెలిచిన 556 మందిలో 21 మంది మహిళలు. పార్లమెంటు నమ్మకం లేకుండా ప్రధాని నిలబడకూడదని, రెండు సభలకూ సమాన అధికారం ఉండాలని వాళ్లు తెలిసే పెట్టారు. బలహీనం అనుకున్న ఆ ఏర్పాటు చేసిన పని ఏమిటి? 1978 చూడండి. మార్చిలో మాజీ ప్రధాని ఆల్దో మోరోను తీవ్రవాదులు ఎత్తుకుపోయారు, మే 9న శవం దొరికింది. దేశం అట్టుడికిపోతోంది. గట్టి మనిషి కావాలనే కేక అప్పుడే పుట్టాలి. ఆ మేలోనే పిచ్చాసుపత్రులను మూయించే చట్టం చేశారు. డిసెంబరులో ప్రతి మనిషికీ వైద్యం అందించే జాతీయ ఆరోగ్య వ్యవస్థను పెట్టారు. నా కొడుకు పుట్టింది ఆ ఆరోగ్య వ్యవస్థ నడిపే ఆస్పత్రిలోనే.

సమ్మెకు కూడా నియమం ఉందని అప్పుడే తెలిసింది. 1990 నాటి చట్టం ప్రకారం కనీసం పది రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. లోకల్ రైళ్లు పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 నడిచి తీరాలి. కార్మికుడి హక్కూ పోకూడదు, పనికి పోయేవాడి బతుకూ ఆగకూడదని కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్న వేళలు అవి. స్టేషను గోడ మీద అంటించే ఉంటాయి. నేను ఎన్నడూ చదవలేదు. అన్నీ బాగున్నాయని చెప్పను. కోర్టులు ఏళ్లు పట్టిస్తాయి, చదువుకున్న కుర్రాళ్లు వలస పోతారు, పర్మిట్టు క్యూలో పసిపిల్లను ఎత్తుకున్న తల్లి గంటలు నిలబడుతుంది. దానికి కోపం రావాల్సిందే. ఆ కోపానికి నేను చెప్పిన మందు విషం.

మా లిఫ్టు మీటింగు మూడు గంటలు ఎందుకు సాగిందో కూడా సిన్యోరానే చెప్పింది. రెండో అంతస్తులో ఒకాయనకు ఉద్యోగం పోయింది. అతని వాటా ఎలా సర్దాలి, ఎన్ని వాయిదాల్లో కట్టించుకోవాలి అన్నదే ఆ గొడవంతా. భాష సరిగా రాక నేను దాన్ని క్రమశిక్షణ లేని అరుపులనుకున్నాను. రెండో మీటింగులో తేలింది. లిఫ్టు బాగైంది, అతను వాయిదాల్లో కట్టాడు.

ఇక కాజీపేట. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు పెద్దబాపు పక్కన కూర్చుని అడిగాను. 1974 రైల్వే సమ్మెలో నువ్వున్నావా అని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మే 8న మొదలై ఇరవై రోజులు సాగిన ఆ సమ్మెలో దేశమంతా వేలమందిని జైల్లో పెట్టారు, వేలమందిని పనిలోంచి తీసేశారు. ఆయన రెండో రోజే డ్యూటీకి పోయాడట. పోని స్నేహితుడి ఉద్యోగం పోయింది, క్వార్టరు ఖాళీ చేయించారు. “పిల్లలను వట్టుకుని సామాను బండి మీదేసుకుని పోతుంటే నేను కిటికీల కెల్లి చూసిన బిడ్డా, బయటికి రాలే” అన్నాడు. “మరి ఎమర్జెన్సీల రైళ్లు టైముకు నడిచినయంటివి గద పెద్దబాపూ?” అన్నాను. “నడిచినయ్. ఎవ్వడు నోరు తెర్వలే గద, నడువక ఏం జేస్తయ్?” అన్నాడు.

ఆ ఎమర్జెన్సీలోనే, మా ఇంటికి కూతవేటు దూరంలోని ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి సూరపనేని జనార్దన్‌ను, ఇంకో ముగ్గురు కుర్రాళ్లతో కలిపి 1975 జూలైలో గిరాయిపల్లి అడవిలో కాల్చి చంపారు. 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఆదిలాబాద్ రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. నటి స్నేహలతారెడ్డిని బెంగళూరు జైల్లో ఉబ్బసంతో నెలల తరబడి ఉంచి, చావుకు దగ్గరయ్యాక వదిలారు. 1977 జనవరిలో ఆవిడ పోయింది. ఇవన్నీ నేను మా ఊళ్లో ఉండి చదవాల్సినవి. మిలాన్‌లో ఒక టీచరు వంటింట్లో కూర్చున్నాక గానీ చదవలేదు.

సిన్యోరాను క్షమాపణ అడిగాను, కాస్త ఆలస్యంగానే. “అడగడం కాదు, ఇంకొకరికి చెప్పు” అంది. అందుకే ఇది. మిలాన్‌కు చదువుకోవడానికి, ఉద్యోగానికి ప్రతి ఏడూ మన పిల్లలు చాలామంది వస్తున్నారు. విమానాశ్రయం నుంచి వచ్చే చాలా రైళ్లూ, బస్సులూ దించేది సెంట్రల్ స్టేషను దగ్గరే. దాని పక్కనే ఫెర్రాంతె అపోర్తి వీధి వైపు ఆ స్మారకం ఉంది. సామాను గదిలో పెట్టాక ఒక పూట అక్కడికి వెళ్లండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు, రైల్వేలోనో బడిలోనో ఫ్యాక్టరీలోనో పనిచేసిన పెద్దవాళ్లుంటే 1974లో, 1975లో ఏం జరిగిందో అడగండి. రైళ్ల సంగతి వాళ్లే చెబుతారు. పని పోయినవాళ్ల పేర్లు, జైలుకు పోయినవాళ్ల పేర్లు మీరు అడిగి రాసుకోండి. ఆ పేర్లు తెలిసినవాళ్లు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు.